రెండు గంటల పండుగ, ఏడాది లెక్క

గుర్రప్పందేలు నడిపేవాళ్లకు మైదానముంటుంది, టికెట్టుంటుంది, పశువైద్యుడుంటాడు. మాకున్నది ఒక వీధి. కనుమ రోజు కోడెగిత్తలు పరుగెత్తే వీధి. పోయినేడు పండుగ అయిన మర్నాడే ఊరి పెద్దలు ఆ బాధ్యత నా నెత్తిన పెట్టారు. "ఏముంది నాయనా, రెండు గంటల పని" అన్నారు.

చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో దీన్ని పశువుల పండుగ అంటాం. ఎ.రంగంపేటలో జరిగేది అందరికీ తెలిసిందే. మాది అంత పేరున్న ఊరు కాదు గానీ పద్ధతి అదే. గిత్తను కడిగి, కొమ్ములకు రంగులేసి, పలక కడతారు. పలక మీద దేవుడి బొమ్మో, అభిమాన హీరో బొమ్మో ఉంటుంది. దాంతోపాటు నోట్లు, కొత్త బట్టలు. డప్పులు మోగుతుంటే గిత్త జనం మధ్య నుంచి దూసుకుపోతుంది. పలక లాక్కున్న కుర్రాడిదే ఆ సొమ్ము. ఎవరికీ దక్కకపోతే? రైతు తన పలకతో తానే ఇంటికెళతాడు. గుర్రం గెలిస్తే యజమానికి డబ్బొస్తుంది. ఇక్కడ గిత్త గెలిస్తే వచ్చేది మీసం మెలేసే హక్కు ఒక్కటే!

2014 మే 7న సుప్రీంకోర్టు ఎద్దులను జల్లికట్టుకు, పందేలకు వాడరాదంది. 2023 మే 18న తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్టసవరణలను సమర్థించింది. ఆ మూడింటిలో మన రాష్ట్రం లేదు. గుర్రప్పందెం నైపుణ్యపు ఆట అని 1996లోనే అదే కోర్టు తేల్చింది. "గుర్రానికో న్యాయం, ఎద్దుకో న్యాయమా?" అని మా కుర్రాళ్లు అడుగుతారు. అయితే 2014 తీర్పులో తోకలు మెలిపెట్టడం, కళ్లలో కారం కొట్టడం, సారా తాగించడం గురించి కూడా ఉంది. వాటిని ఏ న్యాయం కింద సమర్థిస్తాం?

ఉగాది తర్వాత కోడెలున్న ఇళ్లన్నీ తిరిగాను. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దుక్కికి ట్రాక్టరొచ్చింది. పాలకు జెర్సీ ఆవులొచ్చాయి. ఇక కోడెదూడతో ఎవరికి పని? అయినా ఒక అవ్వ తన కోడెను బిడ్డలా సాకుతోంది. వరసకు నాకు అవ్వే. ఎండాకాలం శనక్కట్టె కొనడానికి చెవికమ్మలు కుదువ పెట్టింది.

"నీ వీధి ఒక్క దినం నాయనా. నా కోడె ఏడాదంతా తింటాది" అంది.

ఆ మాటతోనే నా లెక్క మారింది. వసూలు చేసిన చందాలో మొదటి ఖర్చు మైకు సెట్టు కాదు, మేత అన్నాను. పెద్దలు గొణిగారు, ఒప్పుకున్నారు.

పోయినేడు మా వీధిలో ఒక కుర్రాడికి పక్కటెముకలు విరిగాయి. నెలల తరబడి పనికి పోలేకపోయాడు. వాళ్లమ్మ ఎదురుపడినప్పుడల్లా ఏమీ అనదు. ఆ ఏమీ అనకపోవడమే నాకు భయం. అందుకే ఈసారి నాలుగు షరతులు పెట్టాం. తాగినవాడు వీధిలోకి రాకూడదు. పిల్లలు, ఆడవాళ్లు మిద్దెల మీదే ఉండాలి. ఒక గిత్తను ఒక్కసారే వదలాలి. చెరువు వైపు దారి ఖాళీగా ఉండాలి, గిత్త ఆగకుండా బయటపడేలా.

పండుగకు ముందు పోలీసులు వచ్చి వద్దని హెచ్చరించారు. పెద్దలు బుద్ధిగా తలూపారు. కనుమ నాడు జనం మామూలుగానే వచ్చారు. చిన్నచిన్న గీతలు తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. అది మా షరతుల గొప్పో, అదృష్టమో చెప్పలేను.

అవ్వ మాత్రం కోడెను వీధిలోకి పంపలేదు. ఇంటి ముందే పసుపు, కుంకుమ పెట్టి, పొంగలి తినిపించి కట్టేసింది. "మేత తిని మొండిచేయి చూపిందే!" అన్నారు కొందరు. మేతకిచ్చింది కోడె బతకడానికే గానీ పరుగెత్తడానికి కాదన్నాను.

వచ్చే ఏడాది బాధ్యత ఇంకొకరిది. వీధికి చట్టం ఏం చెబుతుందో కోర్టులు, ప్రభుత్వాలు చూసుకుంటాయి. పరుగు ఉన్నా లేకపోయినా కనుమ నాటికి పూజ చేయడానికి ఊళ్లో కోడెలుండాలి కదా! అందుకే నేను అప్పగించిన పుస్తకంలో చందాల పద్దు కంటే ముందు కోడెలున్న ఇళ్ల పేర్లు రాశాను.