పాడిగేదే, పుట్టని దూడా

శాన్‌హోసేలో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, దాని కొడుకు మంచుమీద హాకీ పిచ్చి నాకూ కాస్త అంటించాడు. 2018లో ఒట్టావా జట్టు ఎరిక్ కార్ల్‌సన్ అనే మేటి డిఫెన్స్‌మన్‌ని వీళ్ళ ఊరి జట్టుకిచ్చేసిందట. బదులుగా నలుగురు ఆటగాళ్ళు, కొన్ని డ్రాఫ్ట్ పిక్కులు. పిక్కంటే ముందు ముందు ఓ కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే వంతు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! పాడిగేదెనిచ్చి పుట్టని దూడని తీసుకుంటారట్రా?" అన్నాను.

"పుట్టింది పెద్దమ్మా! ఓడిన జట్లకే ముందు వంతులు. తర్వాత మావాళ్ళు చిత్తుగా ఓడారు. దాంతో 2020లో మూడో వంతు ఒట్టావాకి పోయింది. టిమ్ స్టూట్స్‌లె వాళ్ళకి దొరికాడు."

"మరి కార్ల్‌సనో?"

"2023లో మళ్ళీ ఉత్తమ డిఫెన్స్‌మన్. జట్టు మాత్రం అడుగునే."

"అయితే మోసపోయిందెవరు?"

వాడు తల గోక్కున్నాడు.

ఆ రాత్రి నాన్న గుర్తొచ్చాడు. ఎకరం మాగాణి అమ్మి నన్ను బి.ఏ. చదివిస్తుంటే ఊరంతా నవ్వింది. ఆ ఎకరం ఇవాళ కోటి పలుకుతోంది. నేనేమో నవలలు రాసుకుంటున్నాను! నాన్న ఏనాడూ లెక్క చూడలేదు. నేనే అప్పుడప్పుడూ చూస్తుంటాను. ఎలా కూడినా ఆయనకి నేనే బాకీ తేలుతుంటాను.