దారి తప్పే సంగీతం

ఏ పాటనూ రెండుసార్లు ఒకేలా వాయించకూడదని ముప్పై ఏళ్లు పట్టుబట్టిన బృందం గ్రేట్‌ఫుల్ డెడ్. 1965లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మొదలై, 1995 దాకా దాదాపు 2,300 కచేరీలు చేసింది. అమెరికాలో ఇవాళ జామ్ బ్యాండ్లని పిలిచే వాటన్నిటికీ మూలం వీళ్లే. ఆ సంగీతమంటే నాకు ప్రాణం. దాని చుట్టూ అల్లుకున్న భక్తిని చూస్తే మాత్రం ఒకసారి చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది, ఇంకోసారి గుబులేస్తుంది.

‘డార్క్ స్టార్’ అనే పాట సంగతే చూడండి. 1968లో సింగిల్‌గా వచ్చినప్పుడు అది మూడు నిమిషాలు కూడా లేదు. మరుసటి ఏడాది ‘లైవ్/డెడ్’ ఆల్బమ్‌లో అదే పాట 23 నిమిషాలు దాటింది. జెర్రీ గార్సియా గిటార్ మీద ఒక చిన్న మాట అందుకుంటాడు. ఫిల్ లెష్ బేస్ గిటార్ అడుగున ఒదిగి ఉండకుండా పైకొచ్చి దానికి ఎదురు ప్రశ్న వేస్తుంది. బాబ్ వేర్ మధ్యలో తునకలు తునకలుగా స్వరాలు వేస్తాడు. ఒక దశలో పాట ఆనవాళ్లన్నీ చెరిగిపోతాయి. ఎవరు ఎవరి వెంట వెళుతున్నారో వాయించేవాళ్లకే తెలియని స్థితి. అందులోంచి ఎవరో ఒకరికి దారి కనబడుతుంది, మిగతావాళ్లు విని అటు తిరుగుతారు. ఆ మలుపు దగ్గర నాకు ఎప్పుడూ ఒళ్లు పులకరిస్తుంది.

వీళ్లు తలోదారి నుంచి వచ్చినవాళ్లు. గార్సియాది బాంజో మీద బ్లూగ్రాస్ వాయించిన చెయ్యి. పిగ్‌పెన్ అని అందరూ పిలిచిన రాన్ మెకర్నన్ బ్లూస్ మనిషి. లెష్ ఇటాలియన్ స్వరకర్త లూచియానో బెరియో దగ్గర ఆధునిక సంగీతం చదువుకున్నాడు, బృందంలో చేరేనాటికి బేస్ గిటార్ ఆయనకు కొత్త. 1967లో వచ్చిన డ్రమ్మర్ మికీ హార్ట్ మన తబలా ఉస్తాద్ అల్లారఖా దగ్గర లయ నేర్చుకున్నాడు. ఆయన కొడుకు జాకిర్ హుస్సేన్‌తో కలిసి 1976లో ‘డిగా’ ఆల్బమ్ చేశాడు.

మన కచేరీల్లో మనోధర్మానికి అలవాటుపడ్డ చెవికి ఈ పద్ధతి పరాయిదనిపించదు. కానీ విద్వాంసుడు ఎంత దూరం వెళ్లినా రాగం గట్టు ఉంటుంది, తాళం లెక్క ఉంటుంది, నడిపించేది ఎవరో అందరికీ తెలుసు. వీళ్లకు చాలాసార్లు ఆ ఆసరాలేవీ ఉండేవి కావు. అందుకే చతికిలబడ్డ రాత్రులూ తక్కువేం కాదు. గొంతులు కలవవు, మాటలు మరిచిపోతారు, వెతుకులాట వెతుకులాటగానే ముగుస్తుంది. తప్పిపోయే అవకాశం నిజంగా ఉంది కాబట్టే దారి దొరికిన రాత్రికి అంత వెలుగు.

ఆ వెలుగు కోసమే డెడ్‌హెడ్స్ అనే వీరాభిమానులు ఊరి నుంచి ఊరికి బృందం వెంట తిరిగారు. బృందం వాళ్లకు ఇచ్చిన స్వేచ్ఛ అసాధారణమైనది. కచేరీని రికార్డు చేసుకుంటామంటే వద్దనలేదు. 1984 నుంచి అలా రికార్డు చేసుకునే టేపర్ల కోసం హాల్లో ప్రత్యేకంగా చోటే కేటాయించింది. టేపులు పంచుకోవచ్చు, అమ్ముకోకూడదు. ఖాళీ క్యాసెట్టూ తపాలా ఖర్చులూ పంపితే ముక్కూమొహం తెలియని మనిషి కచేరీని నకలు తీసి పంపేవాడు. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన కచేరీని బృందం రికార్డిస్టు బెట్టీ కాంటర్-జాక్సన్ టేపు చేశారు. అది అభిమానుల చేతుల మీదుగా టేపు నుంచి టేపుకు పాకి, చివరికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల జాబితాకెక్కింది. ఇంత దూరాన కూర్చుని నేను ఆ రాత్రులు వినగలుగుతున్నానంటే వాళ్ల చలవే.

వాళ్ల దయ అక్కడితో ఆగలేదు. మత్తు మానేసిన అభిమానులు కొందరు ‘వార్ఫ్ ర్యాట్స్’ పేరుతో ఒక్కటయ్యారు. కచేరీ విరామంలో పసుపుపచ్చ బెలూన్ల కింద కలుసుకుని ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవారు. చుట్టూ మత్తు పొంగిపొర్లే ఆవరణలో అంతకంటే గొప్ప స్నేహం ఏముంటుంది?

నా గుబులు 1987 దగ్గర మొదలవుతుంది. అంతకుముందు ఏడాదే గార్సియా మధుమేహంతో కోమాలోకి వెళ్లాడు, లేచాక గిటార్ మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. 1987లో ‘టచ్ ఆఫ్ గ్రే’ పాట పెద్ద హిట్టయింది. కొత్త జనం పోటెత్తారు. సంగీతం కోసం కాక బయట పార్కింగ్ స్థలంలో జరిగే జాతర కోసమే వచ్చేవాళ్లు పెరిగారు. 1995 జులై 2న ఇండియానాలోని డీర్ క్రీక్‌లో టికెట్లు లేనివాళ్లు వేల సంఖ్యలో కంచె విరిచి లోపలికి తోసుకొచ్చారు. మర్నాటి కచేరీ రద్దయింది. జులై 9న షికాగోలో చివరి కచేరీ. ఆగస్టు 9న, వ్యసనాల నుంచి బయటపడదామని చేరిన చికిత్సాలయంలో, గార్సియా గుండె ఆగిపోయింది. వయసు 53 ఏళ్లు.

ఆయన వ్యసనానికి శ్రోతలను దోషులుగా నిలబెట్టడం అన్యాయం. బృందం మీద ఆధారపడ్డ జీతాలు, కుటుంబాలు ఎన్నో. పర్యటన ఆపడం ఎవరికీ తేలిక కాదు. అయినా చివరి ఏడాది రికార్డింగులు వింటుంటే కడుపులో దేవినట్టవుతుంది. గార్సియా చరణం మరిచిపోతాడు, వేళ్లు తడబడతాయి, జనం ఎప్పటిలాగే హోరెత్తుతారు. ప్రేమతోనే ఆ కేకలు, సందేహం లేదు. కానీ తడబాటుకూ అద్భుతానికీ ఒకే చప్పట్లు అందే చోట, బాగా లేని మనిషికి నువ్వు బాగా లేవని చెప్పేవాళ్లు ఎవరు మిగిలారు?

అందుకే డెడ్‌హెడ్స్‌లో నేను మనసారా గౌరవించేది టేపర్ల తరహా వాళ్లను. పాటల వరుస రాసుకుని, ఏ రాత్రి పండింది, ఏ రాత్రి పండలేదు అని గంటల తరబడి వాదించుకున్నవాళ్లు. బాగా లేని కచేరీని బాగా లేదన్నారు, మరుసటి కచేరీకి మళ్లీ మైకు పట్టుకుని వెళ్లారు. అన్నిటినీ మెచ్చుకునే భక్తికి ఆ బృందం చేసిన సాహసంతో పనేలేదు. ఓడిపోయే అవకాశాన్ని గుర్తించిన శ్రోతకే గెలుపు విలువ తెలుస్తుంది.

కొత్తగా వినాలనుకునేవాళ్లకు నేనిచ్చే సలహా ఇదే. ఒకే పాటను రెండు వేర్వేరు రాత్రుల్లో వినండి. ఒకటి నచ్చకపోతే మొహమాటపడకుండా పక్కన పెట్టండి. ప్రతి రాత్రీ సున్నా నుంచి మొదలుపెట్టే ధైర్యం ఆ బృందానికి ఉండేది. ప్రతి రాత్రినీ విడిగా తూచి వినే బాధ్యత మనం తీసుకోవాలి.