నాన్న జబ్బుకు మందు వచ్చేస్తోందని

నాన్నకు పార్కిన్సన్స్ అని తేలినప్పుడు ఇంట్లో దాని గురించి ఎక్కువ చదివింది నేనే. జీవశాస్త్రం చదువుకున్నదాన్నని అమ్మ, అన్నయ్య నా మాట మీదే నడిచారు. వాళ్లను తప్పుదారిలో నడిపించాను.

ఆ జబ్బులో డోపమిన్ తయారుచేసే మెదడు కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. లెవోడోపా మాత్ర లోటు పూడుస్తుంది గానీ కణాల చావును ఆపదు. 1993లో శాస్త్రవేత్తలు జీడీఎన్ఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను కనుగొన్నారు. గాజుపాత్రలో పెంచిన సరిగ్గా ఆ కణాలనే అది బతికించింది. పెద్ద ప్రొటీన్ కాబట్టి రక్తంలోకి ఎక్కిస్తే మెదడుకు చేరదు. అందుకని ఇంగ్లండులోని బ్రిస్టల్ వైద్యులు పుర్రెకు రంధ్రం చేసి, సన్నని గొట్టంతో నేరుగా మెదడులోకి పంపారు. 2003లో ఫలితం వెలువడింది: ఐదుగురు రోగులు, ఏడాది తర్వాత కదలికల్లో 39 శాతం మెరుగు.

నా చూపంతా 39 మీదే ఆగింది. ఐదుగురే అన్న సంగతి మీద పడలేదు. ‘కొన్నేళ్లలో మందు వచ్చేస్తుంది నాన్నా, అందాకా ఓర్చుకుంటే చాలు’ అన్నాను. ఆయన నమ్మారు. ఫిజియోథెరపీ బద్ధకించినా ఎవరం ఒత్తిడి చెయ్యలేదు. తిండికి అరగంట ముందే మాత్ర వెయ్యమని డాక్టరు గారు చెప్పినా పెసరట్టు తిన్నాకే వేసేవాళ్లం. పప్పులోని ప్రొటీన్ లెవోడోపాతో పోటీపడి దాన్ని మెదడుకు సరిగ్గా చేరనివ్వదని నాకు తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు. నా మనసంతా రాబోయే మందు మీదే. నాన్న పెరట్లో పడి తుంటి విరగ్గొట్టుకునేదాకా అలాగే గడిచింది.

ఆ ఐదుగురికీ తాము మందు తీసుకుంటున్నట్టు తెలుసు. పోల్చి చూడడానికి ఇంకో జట్టు లేదు. పార్కిన్సన్స్‌లో ఇది చిన్న లోపం కాదు. మందు అందిందన్న నమ్మకానికే రోగి మెదడు డోపమిన్ విడుదల చేస్తుందని కెనడా పరిశోధకులు 2001లోనే స్కానుల్లో చూపించారు. తర్వాత 34 మందిలో సగం మందికి మందు, సగం మందికి ఉత్తి ద్రవం ఇచ్చి చూస్తే ఆరు నెలలకు చెప్పుకోదగ్గ తేడా లేదు. అప్పుడైనా నేను ఆగలేదు. మోతాదు సరిపోలేదని, గొట్టం సరిగ్గా అమర్చలేదని మందు తరఫున వాదించాను. నాన్న నడక కోసం అంత పట్టుదల పట్టి ఉండాల్సింది.

2019లో బ్రిస్టల్ నుంచే మరో ఫలితం వచ్చింది. 41 మంది పాల్గొన్నారు, చెవి వెనక అమర్చిన ద్వారం గుండా నెలనెలా మందు పంపారు. స్కానుల్లో మెదడు కోలుకుంటున్న ఆనవాళ్లు స్పష్టంగా కనిపించాయి. కదలికల్లో మాత్రం తొమ్మిది నెలలకు ఉత్తి ద్రవం తీసుకున్నవాళ్లకూ వీళ్లకూ నమ్మదగిన తేడా తేలలేదు. అల్జీమర్స్‌లోనూ ఇలాంటిదే జరిగింది. ఎన్‌జీఎఫ్ అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్ జన్యువును 49 మంది మీద పరీక్షిస్తే ఫలితం రాలేదు. చనిపోయినవారి మెదళ్లను పరిశీలిస్తే అసలది చేరాల్సిన కణాలకే చేరలేదు. కాబట్టి గ్రోత్ ఫ్యాక్టర్లు వట్టివని నేననను. మొట్టమొదటిదైన ఎన్‌జీఎఫ్‌ను పట్టుకున్న రీటా లెవీ-మొంటాల్చీనీకి, స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ దక్కడం సబబే. కణాన్ని బతికించే శక్తి వాటికి నిజంగా ఉంది. చేర్చడమే కష్టం. పైగా చెయ్యి వణికే వేళకే చాలా కణాలు పోయి ఉంటాయి. జీడీఎన్ఎఫ్ జన్యువును మెదడులో పెట్టే ప్రయోగాలు ఇంకా సాగుతున్నాయి. అవి గెలవాలని మనసారా కోరుకుంటాను.

మొన్న పిన్ని ఫోన్ చేసింది. ‘అమ్మాయ్, ఎవరో గ్రోత్ ఫ్యాక్టర్ ఇంజెక్షన్లతో మెదడు బాగుచేస్తారట, లక్షల్లో అడుగుతున్నారు. మీ బాబాయికి చేయిద్దామా?’ అంది. ఎంతమంది మీద చూశారో, ఉత్తి ద్రవం ఇచ్చినవాళ్లతో పోల్చారో లేదో, చేతికిచ్చే ఇంజెక్షన్ మెదడులోకి ఎలా వెళుతుందో రాసిమ్మని అడగమన్నాను. వాళ్లు రాసివ్వలేదు. ఆ తర్వాత బాబాయి మాత్ర ఏ వేళకు వేసుకుంటున్నారో, రోజూ ఎంతసేపు నడుస్తున్నారో అడిగాను. అదే చాలాసేపు మాట్లాడుకున్నాం.