అల్మరాలో దాక్కున్న అబ్బాయి

సాలింజర్ రాసిన 'ది క్యాచర్ ఇన్ ది రై' 1951లో వచ్చింది. పదహారేళ్ల హోల్డెన్ కాల్‌ఫీల్డ్ స్కూలు వదిలి న్యూయార్క్ వీధులు పట్టుకు తిరిగిన రెండు మూడు రోజుల కథ అది. మొదటి పేజీల్లో ఈ పిల్లాణ్ణి భరించడం కష్టమే. ఎవరిని చూసినా దొంగవేషమంటాడు, తను మాత్రం నోరు తెరిస్తే అబద్ధం. ఐదు సబ్జెక్టుల్లో నాలుగు తప్పి, నాలుగో స్కూల్లోంచి కూడా గెంటించుకున్నాడు. మనింటి పిల్లాడైతే రెండు తగిలించేవాళ్లం.

చాలామంది అతన్ని తిరుగుబాటుదారు అంటారు. నాకలా అనిపించదు. ఈ పిల్లాడు ఏడవడానికి చోటు దొరకనివాడు.

హోల్డెన్‌కి పదమూడేళ్లున్నప్పుడు, తనకంటే రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు అల్లీ రక్తక్యాన్సర్‌తో పోయాడు. ఆ రాత్రి హోల్డెన్ గ్యారేజీలో పడుకుని, అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టాడు. చెయ్యి విరిగి ఆసుపత్రిలో ఉండటంతో తమ్ముడి అంత్యక్రియలకి కూడా వెళ్లలేకపోయాడు. అమ్మానాన్నలకేమో ఇతన్ని మానసిక వైద్యుడికి చూపించాలన్న ఆలోచన వచ్చింది. ఆ తర్వాత హాస్టల్ స్కూళ్లు, ఒకదాని తర్వాత ఒకటి. తమ్ముడు ఆటలో తొడుక్కునే గ్లోవ్, దానిమీద ఆకుపచ్చ సిరాతో వాడు రాసుకున్న కవితలతో సహా, ఇతని పెట్టెలో ఉంటుంది. బాగా దిగులు పుట్టినప్పుడు వీధిలో నడుస్తూనే ఆ చచ్చిపోయిన తమ్ముడితో మాట్లాడతాడు.

విమర్శకులు టోపీ గురించి, చెరువులో బాతుల గురించి చాలా రాశారు. నన్ను పట్టుకున్నవి స్కేట్లు. వాళ్లమ్మ కొత్తగా కొని పంపిన మంచు స్కేట్లు, అదీ ఇతను కోరిన రకం కాదు. స్కూలు వదిలేస్తూ పెట్టె సర్దుకుంటుంటే అవి కనబడతాయి. దుకాణంలో అమ్మ ఆ అమ్మేవాణ్ణి వెయ్యి ప్రశ్నలు అడుగుతున్నట్టు ఊహించుకుని కుమిలిపోతాడు. మనసు రాయి అయినవాడికి ఈ ఊహ రాదు కదా!

రైల్లో తోటి విద్యార్థి తల్లి ఎదురైతే, ఆ అబ్బాయి పరమ దుర్మార్గుడని తెలిసీ, మీవాడు చాలా మొహమాటస్థుడు, అందుకే లీడరుగా నిలబడలేదని కట్టుకథ అల్లి చెబుతాడు. ఆవిడ పొంగిపోతుంది. సొంత అమ్మకి ఇవ్వలేని సంతోషం ఎవరో అమ్మకి ఇచ్చాడని నాకనిపించింది.

ఇక ఆ రాత్రి. పదేళ్ల చెల్లెలు ఫీబీని చూడటానికి దొంగలా ఇంట్లోకొస్తాడు. ఇంతలో పార్టీకి వెళ్లిన అమ్మానాన్నలు తిరిగొస్తారు. హోల్డెన్ లైటార్పి అల్మరాలో దూరతాడు. అమ్మ గదిలోకొచ్చి సిగరెట్ వాసనేమిటని అడిగితే, ఫీబీ నేనే ఒక్క దమ్ము లాగానని తనమీద వేసుకుంటుంది. అమ్మకి తలనొప్పి. అల్లీ పోయినప్పటినుంచి ఆవిడ ఆరోగ్యం అంతంతమాత్రమే, సగం రాత్రులు నిద్రపోకుండా సిగరెట్లు కాలుస్తుంటుంది. హోల్డెన్ బుధవారం సెలవులకి వస్తాడనుకుంటోంది. వాడు నాలుగడుగుల దూరంలో, చీకట్లో ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ ఒకే పిల్లాడి మీద దుఃఖం, మధ్యలో ఒక చెక్క తలుపు.

ఆవిడ వెళ్లాక ఫీబీ తన క్రిస్మస్ డబ్బులు అన్నకిస్తుంది. అప్పుడు ఏడుస్తాడు, ఆపుకోలేకుండా. మర్నాడు అన్న ఎక్కడికో పారిపోతాడని తెలిసి, తనూ వస్తానంటూ పెద్ద పెట్టె ఈడ్చుకుంటూ వస్తుంది. అతన్ని వెనక్కి తిప్పింది టీచర్లూ కాదు, డాక్టర్లూ కాదు, ఆ పెట్టె.

ఇంటికెళ్లాక ఏం జరిగిందో మాత్రం హోల్డెన్ చెప్పడు. జబ్బు చేసిందని ఒక్కమాటనేసి, చెప్పాలని లేదంటూ దాటేస్తాడు. ఆ రోజు తలుపు తీసిన అమ్మ మొహం ఎలా ఉందో పుస్తకంలో ఎక్కడా లేదు.