గాలికి ముందు ఎవరు?

మన దగ్గర సైకిల్ రేసుల కాలం దసరా, దీపావళి వెళ్లాకే మొదలవుతుంది. వానలు తగ్గుతాయి. రోడ్ల మీద గుంతలు పూడుస్తారు... కనీసం కొన్నైనా! తెల్లవారుజామున కాస్త చలి తగులుతుంది. మార్చి వచ్చిందంటే ఓరుగల్లు ఎండలో రేసు మాట దేవుడెరుగు, పొద్దున తొమ్మిది దాటితే బయట నిలబడటమే కష్టం. కాబట్టి ఏం తొక్కినా ఈ నాలుగు నెలల్లోనే.

ఈ సీజన్ తొలి పోటీ హన్మకొండలోనే అన్నారు. పెద్ద స్పాన్సర్లెవరూ లేరు. ఊళ్లోని సైకిల్ మిత్రులు పదిమంది కలిసి పెట్టుకున్న రెండు రోజుల ముచ్చట. శనివారం టైమ్ ట్రయల్, ఆదివారం రోడ్ రేస్. పేర్లిచ్చిన వాళ్లలో డాక్టర్లున్నారు, టీచర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజినీరింగ్ పిల్లలు ఉన్నారు. సోమవారం పొద్దున మళ్లీ ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చోవాల్సిందే. ఎంట్రీ ఫీజు ఆరొందలు.

ఆ సంగతి ఇంట్లో చెప్పగానే బాపు పేపర్లోంచి తలెత్తాడు.

"సైకిల్ తొక్కనీకి పైసలు గూడ కడ్తరా?"

ఆయన అడగడంలో తప్పేం లేదు. బాపు ఆజంజాహీ మిల్లు కార్మికుడు. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆ బట్టల మిల్లు ఒకప్పుడు వరంగల్‌కు గడియారం. సైరన్ మోగితే ఊరు లేచేది. షిఫ్టు మారే వేళ గేటు ముందు సైకిళ్లే సైకిళ్లు. వెనక టిఫిన్ క్యారియర్, ముందు డైనమో లైటు, పాతికేళ్లు వాడినా వంగని 22 అంగుళాల బండి. మిల్లు నుంచి మా పాత ఊరు పన్నెండు కిలోమీటర్లు. పోనూ రానూ ఇరవై నాలుగు. ఆ లెక్కన బాపు నా పుట్టుకకు ముందే దేశాన్ని ఎన్నిసార్లు చుట్టి ఉంటాడో! అప్పుడు ఆయనకెవరూ మెడల్ ఇవ్వలేదు. ఆలస్యమైతే మాత్రం కూలి కోసేవాళ్లు.

నా సైకిల్ ఖరీదు నలభై రెండు వేలు. మిల్లులో బాపు చివరి రోజుల్లో తీసుకున్న ఏడాది జీతం దాదాపు అంతే. పైగా దానికి స్టాండు లేదు, క్యారియర్ లేదు, చైన్ కవర్ లేదు, కనీసం బెల్లు లేదు. "అన్ని తీసేసి ఎక్కువ పైసలు తీసుకున్నడు" అని కొన్నరోజే తేల్చేశాడు.

అయితే బాపు అభ్యంతరం డబ్బు గురించి కాదు. ఆదివారం రేసు ములుగు రోడ్డు మీద అనగానే ఆయన మొహం మారింది. "అది ఇసుక లారీలు పోయే తొవ్వ. ఒద్దు" అన్నాడు. నాకు ముప్పై ఆరేళ్లు, ఇద్దరు పిల్లలు. అయినా ఆ 'ఒద్దు' ముందు నేనింకా ఐదో తరగతే.

పత్రికలు పెట్టిన రేసు

నిజానికి రోడ్ రేసులకీ మా వృత్తికీ పాత చుట్టరికమే. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద సైకిల్ రేసు 'టూర్ ద ఫ్రాన్స్'ను 1903లో మొదలుపెట్టింది ఓ పత్రికే. 'లోటో' అనే క్రీడా దినపత్రిక అమ్మకాలు పెంచుకోవడానికి వేసిన ఎత్తు అది. మొదటి ఏడాది 60 మంది బయల్దేరితే చివరిదాకా వచ్చింది 21 మంది. తొలి అంచె ఒక్కటే పారిస్ నుంచి లియాన్ దాకా 467 కిలోమీటర్లు! గేర్లు మార్చుకునే సదుపాయం లేదు, రోడ్లు మట్టివి. రాత్రంతా తొక్కారు. గెలిచిన మోరిస్ గరాన్ చిన్నప్పుడు పొగ గొట్టాలు శుభ్రం చేసే పని చేసినవాడు. అంటే అక్కడా సైకిల్ కష్టజీవుల బండే. 1919 నుంచి ముందున్న వాడికి పసుపు జెర్సీ ఇస్తున్నారు. ఆ పత్రికను అచ్చువేసే కాగితం రంగూ పసుపే.

ఈ కథంతా బాపుకు చెప్పాను. ఆసాంతం విన్నాడు. "వాళ్లకు లారీలు లేకుండే" అన్నాడు.

శనివారం: ఎవరికి వారే

టైమ్ ట్రయల్ అంటే గడియారంతో కుస్తీ. నిమిషానికొకరిని వదులుతారు. ముందు వెళ్తున్న వాళ్ల వెనక నక్కి తొక్కకూడదు. పన్నెండు కిలోమీటర్లు. ఎంత చిన్న దూరం అనిపిస్తుంది కదూ! మొదటి రెండు కిలోమీటర్లు నాకూ అలాగే అనిపించింది. నాలుగో కిలోమీటరుకు నోరు ఎండిపోయింది. ఆరో కిలోమీటరు దగ్గర నా వెనక నిమిషం తేడాతో బయల్దేరిన అమ్మాయి "అన్నా, సైడ్" అంటూ దాటిపోయింది. ఎనిమిది దగ్గర ఇంకొకరు. మొత్తానికి 25 నిమిషాల్లో ముగించాను. సగటున గంటకు 29 కిలోమీటర్లు. మా విభాగంలో గెలిచినాయన 19 నిమిషాలకే వచ్చి అరటిపండు తింటున్నాడు.

సైకిల్ మీద మనకు అసలు శత్రువు దూరం కాదు, గాలి. చదును రోడ్డు మీద వేగం ముప్పై దాటితే మనం పెట్టే బలంలో ఎక్కువ భాగం గాలిని తోసుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలు. దాన్ని నెట్టడానికి కావాల్సిన శక్తి ఏకంగా ఎనిమిదింతలు! అందుకే ఒంటరిగా తొక్కేవాడు ఎంత తన్నుకున్నా ఓ హద్దు దాటలేడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదే చెబుతున్నాను. రేపు గుంపులో తొక్కుతామనీ, ముందున్న వాడి చక్రం వెనక అడుగు దూరంలో ఉంటే పావు వంతుకు పైగా శ్రమ తగ్గుతుందనీ, దీన్ని 'డ్రాఫ్టింగ్' అంటారనీ. బాపు అన్నం కలుపుతూ ఆగాడు.

"గది మాకెరుకే."

నేను ఆశ్చర్యపోయాను. ఆయన చెప్పుకుంటూ పోయాడు.

"మా తొవ్వల ఎనిమిది మందిమి. రాత్రి షిఫ్టు దిగినంక గాలి ఎదురొస్తే వరుస కట్టేటోళ్లం. బలమున్నోడు ముంగట. ఆడు అలిసిపోతే పక్కకు జరిగి ఎనుకకు పోవాలె. ఇంకోడు ముంగటికి రావాలె. జరమొచ్చినోడు, ముసలోడు ఎప్పుడూ నడిమిట్లనే. వాళ్లకు గాలి తగలనిచ్చేటోళ్లం కాదు."

2018లో నెదర్లాండ్స్‌లో శాస్త్రవేత్తలు 121 మంది రేసర్ల గుంపును నమూనాగా తీసుకుని పరీక్షించారు. గుంపు మధ్యలో వెనకగా ఉన్నవాడికి తగిలే గాలి నిరోధం, ఒంటరిగా తొక్కేవాడికి తగిలే దాంట్లో పదో వంతుకు మించదని తేల్చారు. ఆ సంగతి మా ఊరి మిల్లు కార్మికులకు ఒంటితో తెలుసు!

నేను నవ్వబోయాను కానీ బాపు నవ్వలేదు.

"ఒకరోజు నేనే ముంగటున్న. ఆఖర్లున్నోని డైనమో ఖరాబైంది. అలిసిండో ఏమో, జర ఎనుకపడ్డడు. మాకు తెల్వదు. ఊరి కాడికొచ్చి దిగి చూస్తే ఏడుగురమే."

ఎవరూ మాట్లాడలేదు. ఎనిమిదో మనిషిని లారీ కొట్టిందని తెల్లారాక తెలిసిందట. ఇన్నేళ్లలో ఈ మాట బాపు నోట ఎన్నడూ వినలేదు. మిల్లు మూతపడగానే ఆ సైకిల్ ఎందుకు అమ్మేశాడో, నేను తెల్లవారుజామున బయల్దేరితే ఎందుకు నిద్ర లేచి కూర్చుంటాడో... అప్పుడర్థమైంది.

"ముంగటున్నోడు గాలి కొయ్యంగనే సరిపోదు. ఎనుకకు చూడాలె" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. కాసేపటికి తనే అన్నాడు. "రేపు నేను గూడ వస్త."

ఆదివారం: వరుస కట్టి

ఆరేపల్లి దాటాక ప్రారంభం. ములుగు వైపు వెళ్లి, ఇరవై కిలోమీటర్ల దగ్గర మలుపు తిరిగి రావాలి. మొత్తం నలభై. గంటా నలభై నిమిషాల్లోపు రాకపోతే పేరు ఫలితాల్లో ఉండదు. మామూలు రోజుల్లో ఈ కాలంలో ఆ రోడ్డు నిండా పత్తి బస్తాల బండ్లు ఎనుమాముల మార్కెట్‌కు వరుస కడతాయి. ఆదివారం మార్కెట్‌కు సెలవు. అందుకే ఆ రోజు పెట్టారు. రోడ్డు పక్క తుమ్మకొమ్మలకు మాత్రం తెల్లగా పత్తి పింజలు వేలాడుతున్నాయి. కూడలి కూడలికీ వాలంటీర్లు. బాపును మలుపు దగ్గర దింపితే, అక్కడి కుర్రాళ్లు ఆయన చేతికో ఎర్రజెండా ఇచ్చారట.

ఆరున్నరకు యాభై రెండు మందిమి కదిలాం. చలికాలంలో మన దగ్గర గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. ములుగు రోడ్డు వెళ్లేదీ అటే. అంటే పోయేటప్పుడు మొత్తం ఎదురుగాలి. గుంపులో ఉన్నంతసేపూ హాయిగా ఉంది. చైన్ల కరకర, ఎవరో గుంత చూపిస్తే వరుసగా అందరి వేళ్లూ కిందికి... ఆరు కిలోమీటర్ల దగ్గర చిన్న ఎత్తు వచ్చింది. ముందు వాళ్లు లేచి నిలబడి తొక్కారు. నాకూ ముందు చక్రానికీ మధ్య ఓ అడుగు. రెండడుగులు. పది. అంతే! గుంపు తలుపు మూసేసినట్టు వెళ్లిపోయింది. గాలి మొత్తం నా గుండె మీద పడింది.

నాలాగే రాలిపోయిన వాళ్లు మరో ఇద్దరు కనిపించారు. ఒకరు రెండేళ్లలో రిటైరయ్యే బ్యాంకు ఉద్యోగి. ఇంకొకడు ఇంజినీరింగ్ కుర్రాడు. పరిచయాలేం లేవు. బ్యాంకాయన "ఒక్కొక్కరం నిమిషం" అన్నాడు, అంతే. కుర్రాడు ముందు, తర్వాత నేను, తర్వాత ఆయన. ముందున్నవాడు అలసిపోగానే పక్కకు జరిగి వెనక చేరాలి. మొదటి రెండు వంతులయ్యేసరికి ముగ్గురి ఊపిరీ ఒకే లయలో పడింది. ఒంటరిగా అయితే ఆ గాలిలో ఇరవై దాటని సైకిల్ ఇప్పుడు ఇరవై నాలుగు పోతోంది. పెద్దాయన వంతు వచ్చినప్పుడు మాత్రం నిమిషాన్ని అర నిమిషం చేశాం. జరమొచ్చినోడు, ముసలోడు నడిమిట్లనే...

మలుపు దగ్గర జెండా పట్టుకుని బాపు. మమ్మల్ని చూసి చప్పట్లు కొట్టలేదు, పేరు పెట్టి పిలవలేదు. ముగ్గురినీ వరుసగా చూశాడు. ఒకటి, రెండు, మూడు. లెక్కపెడుతున్నాడని నాకు తెలుసు. యాభై రెండు నిమిషాలయింది.

తిరుగు ప్రయాణంలో గాలి వీపున పడింది. అలాంటప్పుడు ఒకరి అవసరం ఒకరికి అంతగా ఉండదు. కుర్రాడు వేగం పెంచాడు. రెండు కిలోమీటర్లు వాడి వెనకే వెళ్లాను. ఎందుకో వెనక్కి చూశాను. బ్యాంకాయన వంద మీటర్ల దూరంలో ఉన్నాడు. తల వేలాడేశాడు, కాలు పట్టేసినట్టుంది. కుర్రాడు కూడా చూశాడు. "అన్నా, నేను పోతా" అన్నాడు. పోవాలి కూడా! అది రేసు. వాడి వయసుకు అదే న్యాయం. నేను పెడల్ ఆపాను.

ఆయన దగ్గరికొచ్చి "మీరు వెళ్లండి సార్" అన్నాడు. "సాయంత్రం ఆఫీసు లేదులెండి" అన్నాను. ఆ తర్వాత ఆయన పక్కన, కొంచెం ముందు, అన్నిసార్లూ వెనక్కి చూసుకుంటూ తొక్కాను. పక్క నుంచి నలుగురు దాటిపోయారు. వాళ్లలో శనివారం 'సైడ్' అడిగిన అమ్మాయి కూడా ఉంది. గంటా ముప్పై ఆరు నిమిషాలకు ఇద్దరం గీత దాటాం. గడువుకు నాలుగు నిమిషాలు మిగిలాయి. నేను ముప్పై ఎనిమిది, ఆయన ముప్పై తొమ్మిది. గెలిచినవాడు గంటా నాలుగు నిమిషాల్లోనే వచ్చేశాడు. నేను కుర్రాడి వెనకే వెళ్లుంటే ఓ నాలుగైదు స్థానాలు పైకి ఉండేవాణ్ని. ఉంటే ఏమయ్యేది? మెడల్ అందరికీ ఒకటే, సాదా ఇత్తడిది.

ఆ ఇత్తడి బిళ్ల ఇప్పుడు బాపు గదిలో మేకుకు వేలాడుతోంది. రేసు గురించి ఆయన పెద్దగా ఏమీ మాట్లాడలేదు. తొక్కొద్దని మళ్లీ అననూ లేదు. కాకపోతే ఓ కొత్త అలవాటు వచ్చింది. నేను పొద్దున అయిదింటికి సైకిల్ తీస్తుంటే గేటు దాకా వస్తున్నాడు. వంగి వెనక ఎర్రలైటు నొక్కి చూస్తాడు. అది మిణుకుమిణుకుమన్నాకే గేటు తీస్తాడు.