తాళం మమ్మల్ని దొంగలనుకొన్న రాత్రి

మా మోటారు సైకిలు దొంగతనానికి గురైన నాటినుండి మా ఇంట్లో తాళాలు పెరిగాయి. నంద్యాలలో బంధువుల ఇంటి వలీమా విందుకు వెళ్ళి, గంట తరువాత బయటకు వచ్చి చూస్తే, మా బండి నిలిపిన చోట మరొకరి బండి ఉన్నది. స్టేషనులో ఫిర్యాదు రాయించాము. బండి దొరకలేదు. బీమా వారు మొదట అడిగినది రెండు తాళంచెవులూ తెచ్చి చూపమని. మా దగ్గర ఒకటే ఉన్నది.

రెండవది ఏమైనదని ఇద్దరమూ కూర్చొని ఆలోచించాము. ఇద్దరికీ గుర్తుకు వచ్చినది ఒకటే ముఖం. మా వీధి చివర మెకానిక్ షెడ్డు నడిపే అబ్బాయి. అంతకు కొద్ది వారాల ముందు సర్వీసుకని బండిని అతని దగ్గర వదిలినప్పుడు ఇచ్చినది ఆ రెండవ తాళంచెవే. అడిగితే, "అదే రోజు ఇచ్చేశాను కదా చాచా!" అన్నాడు. ఇచ్చినట్లు మాకు గుర్తు లేదు.

అతనిని మేము దొంగ అనలేదు. ఆ మాట ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు. కానీ ఆ పిదప ఆ షెడ్డుకు వెళ్ళడం మానుకున్నాము. ఎదురుపడితే సలాముకు బదులు చెప్పి, ఆగకుండా నడిచిపోయేవాళ్ళము. పండుగనాడు మా ఇంటినుండి వారింటికి వెళ్ళే షీర్ ఖుర్మా గిన్నె ఆగిపోయింది. అతని తల్లి కారణం అడగలేదు. అడగనందుకే మా అనుమానం మరింత బలపడిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉన్నది.

బీమా సొమ్ము రాలేదు. అప్పుచేసి మరొక బండి కొన్నాము. కొన్న వారంలోనే దానికి దొంగతనాన్ని అడ్డుకునే పరికరాన్ని బిగించుకున్నాము. కర్నూలులో బండ్ల అలంకరణ సామాను అమ్మే దుకాణంలో ఇరవై నిమిషాల పని. ఒక చిన్న పెట్టె, ఒక సైరను, రెండు రిమోట్లు. పెట్టెను సీటు కింద, బ్యాటరీ పక్కన దూర్చారు. ఇంజనుకు నిప్పు అందించే ఇగ్నిషన్ వైరును మధ్యలో కోసి, రెండు కొసలనూ ఆ పెట్టెలోని రిలేకు కలిపారు. రిలే అంటే విద్యుత్తు మాట విని తలుపు తెరిచి మూసే కావలివాడు. రిమోట్ నొక్కి తాళం వేస్తే ఆ తలుపు మూసుకుంటుంది. అప్పుడు ఎవరు ఎంత సెల్ఫ్ నొక్కినా, కిక్ కొట్టినా ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టదు. దీనినే ఇమ్మొబిలైజర్ అంటారు. కదలనివ్వనిది అని అర్థం.

ఖరీదైన బండ్లకు కంపెనీలే ఇంతకన్న నాజూకైన ఏర్పాటు చేసి ఇస్తాయి. వాటి తాళంచెవి తలలో బియ్యపు గింజకు కాస్త పెద్దదైన చిప్ ఒకటి దాగి ఉంటుంది. దానికి బ్యాటరీ ఉండదు. తాళం తిప్పగానే తాళం గూడు చుట్టూ ఉన్న తీగచుట్ట రేడియో తరంగాన్ని పంపుతుంది. ఆ తరంగపు శక్తితోనే చిప్ మేల్కొని తన సంకేతం చెబుతుంది. బండిలోని కంప్యూటరు ఆ సంకేతాన్ని పోల్చి చూసి, సరిపోతేనే పెట్రోలునూ నిప్పునూ విడుదల చేస్తుంది. అందుకే రోడ్డు పక్కన చేయించిన నకలు తాళంచెవితో హ్యాండిల్ తాళం తెరుచుకుంటుంది గాని ఇంజను పలకదు. యమహా వారి పెద్ద బండ్లలో కొన్నింటికి ఎర్రతల ఉన్న తాళంచెవి ఒకటి అదనంగా వస్తుంది. మిగిలిన తాళంచెవులకు సంకేతం నేర్పే గురువు అది. దానిని పోగొట్టుకుంటే కొత్త తాళంచెవులకు సంకేతం నేర్పే మార్గం ఉండదు, ఆ వ్యవస్థ మొత్తాన్నీ మార్చుకోవలసిందే.

ఇవన్నీ వ్యర్థమని మేము అనడం లేదు. ఐరోపాలో 1998 నుండి కొత్త కార్లన్నింటికీ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేశారు. దానివల్ల కార్ల దొంగతనాలు సుమారు 40 శాతం తగ్గాయని నెదర్లాండ్స్ ఆర్థికవేత్తలు ఇద్దరు లెక్కకట్టారు. కానీ ఆ తాళం పొరపడిన రోజున యజమాని గతి ఏమిటన్నది అమ్మేవారు చెప్పరు, కొనేవారు అడగరు. మేమూ అడగలేదు.

తీగచుట్ట తెగవచ్చు. హ్యాండిల్ తిరిగిన ప్రతిసారీ దానితోపాటు వంగే వైర్లు ఏళ్ళు గడిచేసరికి నలిగి విరగవచ్చు. ఒకే గుత్తిలో మరొక చిప్ ఉన్న తాళంచెవి వేలాడుతుంటే రెండు సంకేతాలు కలిసిపోయి బండి అయోమయంలో పడవచ్చు. మా పెట్టెలాంటి బయటి సరుకు సంగతి ఇంకా అన్యాయం. బండి నాలుగు రోజులు కదలకపోతే అది బ్యాటరీని కొద్దికొద్దిగా తాగేస్తుంది. వాననీరు చేరితే దాని మతి చలిస్తుంది. రోడ్డుమీద వేగంగా వెళ్తుండగా రిలే తలుపు మూసుకుంటే ఇంజను అక్కడికక్కడే ఆగిపోతుంది. వెనుక లారీ ఉంటే ఇక చెప్పేదేమున్నది? చెడిపోయిన పెట్టె బండిని వదిలిపెట్టాలా, పట్టి ఉంచాలా అన్న నిర్ణయం దానిని తయారుచేసినవాడు ముందే చేసి ఉంటాడు. మన పెట్టెలో ఏ నిర్ణయం ఉన్నదో అది చెడేదాకా మనకు తెలియదు.

మా పెట్టె మొదటినుండీ సూచనలు ఇస్తూనే వచ్చింది. వీధిలో లారీ పోతే సైరను, పిల్లి సీటెక్కితే సైరను. అర్ధరాత్రి ఇరుగుపొరుగు లేచి కూర్చునేవారు. ఎంత జాగ్రత్త గల యంత్రమో అని మేము సంతోషించాము.

గత సెప్టెంబరులో ఒకనాడు ఇషా నమాజు వేళకు కర్నూలునుండి ఫోను వచ్చింది. మా పిల్లల నానీ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. మర్నాడు ఉదయమే ఆపరేషను. ఆమెది ఓ నెగిటివ్ రక్తం. బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపు ఒక్క సంచి దొరికింది, రెండవది కావాలి. మాలో ఒకరిది అదే గ్రూపు. రాత్రికి వస్తేనే పరీక్షలు చేసి తెల్లవారేసరికి సిద్ధం చేయగలమన్నారు. పిల్లలను పొరుగింట్లో అప్పగించి, బస్టాండులో నిలబడే ఓపిక లేక, బండిమీదే బయలుదేరాము.

పాణ్యం దాటేసరికి వాన మొదలైంది. చినుకు ముదరడంతో రోడ్డు పక్కన మూతపడిన ఒక పాక కింద బండి ఆపాము. వాన కాస్త తెరిపి ఇచ్చాక తాళం తిప్పి సెల్ఫ్ నొక్కితే ఇంజను గిర్రున తిరుగుతున్నది గాని అంటుకోవడం లేదు. రిమోట్ నొక్కాము. సైరను మొదలైంది. మళ్ళీ నొక్కితే ఆగలేదు. రిమోట్‌ను తుడిచాము, ఊదాము, బ్యాటరీ తీసి వేశాము. పాక కింద ఆ కూత చెవులు చిల్లులు పడేటట్లు మోగుతూనే ఉన్నది.

రోడ్డుమీద వాహనాలకు కొదువ లేదు. అర్ధరాత్రి, చీకట్లో, సైరను మోగుతున్న బండి దగ్గర వంగి సీటు పీకుతున్న ఇద్దరిని చూసి ఎవరు ఆగుతారు? ఒక కారు వేగం తగ్గించి, మావైపు దీపాలు వేసి చూసి, మరింత వేగంగా వెళ్ళిపోయింది. చివరకు ఆగినది గస్తీ పోలీసుల వాహనం. వారు మర్యాదగానే మాట్లాడారు. ఆర్.సి. చూపమన్నారు, లైసెన్సు చూపమన్నారు, బండి ఎవరిదన్నారు. కాగితాలు చూపాము. ఆసుపత్రినుండి వచ్చిన ఫోను సంగతి చెప్పాము. వారిలో ఒకరు టార్చి వెలుగును ముందు కాగితంమీద, తరువాత మా ముఖాలమీద, మళ్ళీ కాగితంమీద వేశారు. అందులో తప్పేమీ లేదు, అది వారి పని. కానీ ఆ వెలుగు ముఖంమీద నిలిచిన ఆ కొద్ది క్షణాలు మేము ఒకరి వైపు ఒకరం చూసుకోలేకపోయాము.

కాగితాలు సరిగా ఉన్నాయని వారు ఒప్పుకున్నారు. బండికి మాత్రం ఆ కాగితాలతో పని లేదు. దానితో వాదించడానికి లేదు, సాక్షులను తేవడానికి లేదు. మెకానిక్ ఎవరైనా తెలుసా అని అడిగారు పోలీసులు.

తెలుసు. అతని నంబరు రెండేళ్ళుగా మా ఫోనులో అలాగే ఉన్నది. ఇద్దరమూ ఆ పేరు దగ్గరే ఆగి ఉన్నామని ఇద్దరికీ తెలుసు. చివరకు మాలో ఒకరు నొక్కారు. సమయం పదకొండు కావస్తున్నది. అతను నిద్రలోనుండి పలికాడు. సంగతి విని అడిగినది ఒకటే: "సైరను వినబడుతోంది చాచీ, ఎక్కడున్నారు?"

ముప్పావుగంటలో వచ్చాడు. వానకోటు లేదు, తలకు ప్లాస్టిక్ సంచి చుట్టుకున్నాడు. సీటు తీసి, పెట్టెను పట్టి చూసి, దానిలోనుండి నీళ్ళు ఒంపాడు. మొదట సైరను వైరు పీకాడు. అంత నిశ్శబ్దం మేము ఎన్నడూ ఎరుగము. తరువాత కోసిన రెండు కొసలనూ వెదికి పట్టుకొని, కలిపి మెలితిప్పి, టేపు చుట్టాడు. మొత్తం పది నిమిషాలు పట్టలేదు. ఇంజను ఒక్క నొక్కుకే అంటుకున్నది. పనితెలిసిన దొంగను పది నిమిషాలైనా ఆపలేని తాళం, పనితెలియని మమ్మల్ని మూడు గంటలు రోడ్డుమీద నిలబెట్టింది.

"ఇది ఎందుకు పెట్టించుకున్నారు చాచా? నన్ను అడిగి ఉంటే వద్దనేవాడిని" అన్నాడు. మేము జవాబు చెప్పలేదు. డబ్బు ఇవ్వబోతే, "ముందు నానీ దగ్గరకు వెళ్ళండి" అన్నాడు. ఓర్వకల్లు దాకా మా వెనుకే వచ్చి, అక్కడ రెండుసార్లు హారను కొట్టి వెనుదిరిగాడు. ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంట దాటింది. రక్తం ఇచ్చాము. అల్లాహ్ దయవల్ల ఆపరేషను సవ్యంగా జరిగింది. నానీ ఇప్పుడు చేతికర్ర పట్టుకొని నడుస్తున్నారు, మా వంటకు వంకలు పెడుతున్నారు.

ఇంటికి వచ్చాక ఆ పెట్టెతో ఇచ్చిన రెండవ రిమోట్ కోసం వెదికాము. లోపం పెట్టెలోనా, రిమోట్‌లోనా తేల్చుకోవాలని మా ఉద్దేశం. బీరువాలో లేదు. ఇనుప ట్రంకు పెట్టె అడుగున, నిఖా నాటి బట్టల మధ్య మఖ్మలు సంచి ఒకటి కనిపించింది. జాగ్రత్తగా దాచవలసినవన్నీ మేము అందులోనే వేస్తాము, వేసి మరచిపోతాము. రిమోట్ అందులోనే ఉన్నది. దాని కింద పోయిన బండి రెండవ తాళంచెవి ఉన్నది, సర్వీసు రోజున షెడ్డులో కట్టిన చీటీతో సహా.

అతను ఆ రోజే తిరిగి ఇచ్చాడు. తీసుకొని సంచిలో వేసినది మాలో ఎవరో ఇద్దరికీ గుర్తు లేదు. నువ్వా నేనా అని కాసేపు వాదించుకున్నాము. తరువాత ఆ వాదన కూడా సిగ్గుచేటనిపించి ఊరుకున్నాము.

ఆ సాయంత్రమే వారింటికి వెళ్ళాము. అతని తల్లి తలుపు తీశారు. కూర్చోకముందే తాళంచెవి ఆమె ముందు పెట్టి, రెండేళ్ళుగా మేము మనసులో ఏమనుకున్నామో చెప్పాము. చెప్పకపోయినా గడిచిపోయేదేమో. కానీ గిన్నెడు షీర్ ఖుర్మా పంపి సరిపెట్టుకోవడానికి మనసొప్పలేదు. ఆమె తాళంచెవిని తాకలేదు. "మాకు తెలుసు" అన్నారు. "వాడు ఆ నెలంతా షెడ్డులో ప్రతి డబ్బా వెదికాడు. తానే ఎక్కడో పడేశానేమోనని." ఆ మాట తరువాత మేము చాలాసేపు మాట్లాడలేకపోయాము. ఆమె లేచి టీ పెట్టారు.

అబ్బాయి షెడ్డునుండి వచ్చి, మేము చెప్పినది విని తల ఊపాడు. క్షమించానని గాని, బాధపడ్డానని గాని అనలేదు. తాళంచెవిని తిప్పి చూసి, చీటీమీద ఉన్నది తన చేతిరాతేనని తల్లికి చూపాడు. తరువాత బండి సంగతికి వచ్చాడు. రోడ్డుమీద కట్టినది తాత్కాలికం, టేపు ఊడితే మళ్ళీ ఆగిపోతుంది. పెట్టెను పూర్తిగా తీసి, వైరును అతికి, కంపెనీ నుండి వచ్చినట్లు చేయాలి అన్నాడు. దొంగల భయం ఉంటే ముందు చక్రపు డిస్కుకు గట్టి తాళం ఒకటి కొనుక్కోమన్నాడు. అది చెడిపోయినా రంపంతో కోయవచ్చునట.

మర్నాడు ఉదయం బండిని షెడ్డులో వదిలి నడిచి ఇంటికి వచ్చాము. రెండు తాళంచెవులూ అతని దగ్గరే ఉన్నాయి.