ఇంటి లెక్క ఇద్దరికీ తెలియాలి

చీరల మడతల్లోనో, పోపులడబ్బా అడుగునో నాలుగు నోట్లు దాచుకోని ఇల్లాలు మనలో ఎవరండీ? మావారికి తెలియకుండా దాచడమే పొదుపు అనుకునేదాన్ని నేనూ. ఆ అలవాటు నాకు 70,000 రూపాయల పాఠం నేర్పింది. సిగ్గు విడిచి మీతో చెబుతున్నాను. మీలో ఒక్కరికి పనికొచ్చినా చాలు.

మాది తెనాలి. మావారిది ప్రైవేటు ఉద్యోగం. అత్తగారు, ఇద్దరు పిల్లలు. అమ్మాయి ఇంజనీరింగు ఫీజుకు అక్కరకొస్తుందని మా వీధిలో ఒకావిడ దగ్గర లక్ష రూపాయల చీటీ కట్టాను. జాకెట్లు కుట్టగా వచ్చిందీ, ఇంటిఖర్చులో మిగిల్చిందీ అంతా దానికే. సమయానికి తీసిచ్చి ఆయన్ని ఆశ్చర్యపరుద్దామని ఒక్క మాట కూడా చెప్పలేదు. ఇరవై నెలల చీటీ. పదహారో నెలలో ఆవిడ ఇంటికి తాళం వేసి ఉంది. అప్పటికి నేను కట్టింది 70,000 దాటింది. రసీదు లేదు, కాగితం లేదు. చీటీ నడపాలంటే 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద ముందుగా రిజిస్ట్రేషను ఉండాలని నాకు ఆ తర్వాత తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

ఇంట్లో చెప్పలేదు. ఎలా చెప్పను? పాలు అరలీటరు తగ్గించాను, కూర ఒకటి తగ్గించాను, రాత్రిళ్ళు కూర్చుని ఇంకో రెండు జాకెట్లు కుట్టాను. ఎందుకు చిరాకు పడుతున్నానో ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఇంతలో రెండో ఏడాది ఫీజు కట్టాల్సి వచ్చింది. తక్కువ పడినవి 45,000. "నీ దగ్గర ఏదో దాచి ఉంటావులే" అన్నారాయన. "మీరే సర్దుతారనుకున్నాను" అన్నాను నేను. ఇద్దరం కంచాల్లోకి చూస్తూ కూర్చున్నాం. అప్పుడు మా అమ్మాయి, "ఒక ఏడాది ఆగుతాలే అమ్మా, ఏదైనా షాపులో చేరతాను" అంది మెల్లిగా. ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. చీటీ సంగతంతా చెప్పేశాను.

ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన జేబులోంచి క్రెడిట్ కార్డు తీసి బల్ల మీద పెట్టారు. అత్తగారి కంటి ఆపరేషన్‌కు ఆఫీసువాళ్ళు ఇచ్చారని చెప్పింది అబద్ధమట. ఆ కార్డు మీద 60,000 బాకీ ఉంది. నెలనెలా 3,000 కడుతున్నా తరగడం లేదు. ఎలా తరుగుతుంది చెప్పండి? దాని వడ్డీ నెలకు నూటికి మూడున్నర. రెండ్రూపాయల వడ్డీ అంటేనే మనం అమ్మో అంటామే, ఇది మూడున్నర రూపాయల వడ్డీ! 60,000కు నెలకు 2,100. దానిమీద జి.ఎస్.టి. వేరు. ఇక అసలుకు జమయ్యేది అయిదొందల పైచిలుకే.

ఒకరిని ఒకరు బాధపెట్టకూడదని ఇద్దరం దాచుకున్నాం. చివరికి ఆ భారం పిల్ల నెత్తిన పడబోయింది.

మర్నాడు పొద్దున అత్తగారు తన ట్రంకుపెట్టెలోంచి ఒక పాత చిట్టాపుస్తకం తీసి ఇచ్చారు. మా మామగారు బడిపంతులు. ఒకటో తారీఖున ఇద్దరూ కూర్చుని రాసుకునేవారట. ఉప్పు, కిరసనాయిలు, కుంకుడుకాయలు, అన్నీ ఉన్నాయి అందులో. "మా లెక్కలో ఏమీ లేకపోయినా దాపరికం లేదమ్మా" అన్నారావిడ. ఆ రోజే నలభై రూపాయలు పెట్టి ఒక నోటుపుస్తకం కొన్నాను. మొదటి పేజీలో "చీటీలో పోయినవి 70,000" అని రాశాను. దాని కింద మావారు "కార్డు బాకీ 60,000" అని రాశారు.

నా రెండుపేటల గొలుసు బ్యాంకులో పెట్టి 1,05,000 తెచ్చాం. కార్డు బాకీ తీరింది, ఫీజూ కట్టాం. గొలుసు మీద వడ్డీ ఏడాదికి నూటికి తొమ్మిదిన్నర, అంటే నెలకు ఎనభై పైసలు కూడా పూర్తిగా లేదు. నగ తాకట్టు అంటే పరువు పోయిందనుకుంటాం గానీ, మూడున్నర రూపాయల వడ్డీ కడుతూ మెళ్ళో గొలుసు వేసుకు తిరగడంలో ఏం పరువుంది?

ఆ తర్వాత మేం చేసిన పనులు ఏమంత గొప్పవి కావు. పుస్తకాన్ని క్యాలెండరు మేకుకే దారంతో కట్టాం, పెన్నుతో సహా. రాత్రి భోజనాలయ్యాక అయిదు నిమిషాలు, ఆ రోజు ఖర్చు ఎవరిది వాళ్ళు రాయాలి. ఫోన్‌లో స్కాన్ చేసి కట్టినవి మరీ ముఖ్యం. నోటు చేతిలోంచి పోతే తెలుస్తుంది, ఫోన్‌లోంచి పోతే తెలియదు కదండీ.

జీతం రాగానే అద్దె, కరెంటు, పాలు, ఫీజు, గొలుసు వాయిదా ముందు తీసేస్తాం. మిగిలింది నాలుగు కవర్లలో పెట్టి, వారానికి ఒకటి విప్పుతాను. నెలలో అయిదో వారం కాస్త ఉంటే పప్పుచారు, పచ్చడితో గడిపేస్తాం. వీధి చివర దాకా వెళ్ళి కూరలు కొనేది నోట్లతోనే.

బ్యాంకు పాసుపుస్తకం ప్రింటు వేయిస్తే ఎవరూ చూడని మూడు యాప్‌లకి నెలకు 647 రూపాయలు వాటంతటవే పోతున్నాయి. ఆపేశాం. 20 రూపాయల కోత ఒకటి కనిపిస్తే అదీ దండగే అనుకున్నాను. అడిగితే, ప్రధానమంత్రి సురక్షా బీమా అని, ఏడాదికి ఒకసారేనని, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంట్లోవాళ్ళకు రెండు లక్షలు వస్తాయని చెప్పారు. దాన్ని ఉంచాం, నామినీ పేరు కూడా సరిచూసుకున్నాం.

సరుకుల చీటీ రాసేముందు డబ్బాలన్నీ దింపి చూస్తాను. మొదటిసారి దింపితే ధనియాలపొడి ప్యాకెట్లు మూడు, పురుగుపట్టిన కందిపప్పు రెండు కిలోలు బయటపడ్డాయి! లేదనుకుని కొన్నవే అన్నీ. ఇప్పుడు పాతది అయ్యాకే కొత్తది.

మధ్యలో ఒకసారి తిరగరాయించి, ఏడాదిన్నరకు గొలుసు విడిపించుకున్నాం. చీటీ డబ్బు ఇంతవరకు రాలేదు, వస్తుందన్న ఆశ కూడా లేదు. అమ్మాయి మూడో ఏడాదిలోకి వచ్చింది. తన బస్సు ఖర్చులు అదే పుస్తకంలో రాస్తోంది.

పోపులడబ్బా కింద ఇప్పటికీ కాస్త డబ్బు ఉంటుంది, ఆపద వేళ ఉండాలి కూడా. కాకపోతే అది ఎంతో పుస్తకంలో ఉంది, ఎక్కడుందో ఆయనకి తెలుసు. ఈ ఒకటో తారీఖున మీరూ ఒక పుస్తకం కొనండి. మొదటి పేజీలో ఇన్నాళ్ళూ చెప్పలేకపోయింది రాయండి. రాయడం కష్టమే, కాదనను. కానీ ఆ రాత్రి మాత్రం హాయిగా నిద్రపడుతుంది.